పాకం అంటిన అద్దం

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళెవరికీ చెప్పలేకనే ఇన్నేళ్ళు మోశాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఒకసారి చెబుదామని కూర్చున్నాను. మొదటి మాట నోట్లో ఉండగానే పాలు పొంగుతున్నాయని ఆమె లేచిపోయింది. బతికిపోయాననుకున్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇట్లాంటివి గుండె మీద బరువుగా ఉంటాయంటారు. నాకు అది కుడి కంట్లో ఉంది. మైక్రోస్కోపులో నేను చూసేది కుడి కన్నుతోనే. ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాను. కన్ను ఆనించిన ప్రతిసారీ, అద్దం శుభ్రంగానే ఉన్నా, ఒక క్షణం పొగ కనబడుతుంది.

పేరు చెప్పను. చెబితే ఈ ఒప్పుకోలుకు కొంత విలువ వచ్చేదేమో, ఆ ధైర్యం లేదు. నిజామాబాద్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. పందొమ్మిది వందల అరవైల్లో చేరినప్పుడు టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్ని. ఏటా వేసవి సెలవుల ముందు ఉద్యోగం పోయేది, కాలేజీ తెరిచాక ఎవరి దయవల్లనో మళ్ళీ వచ్చేది. ఈ మాట సాకుగా చెప్తున్నానా? కొంత సాకే. అయినా ఆ భయం నిజం.

విశ్వవిద్యాలయం వాళ్ళు మా ప్రాంతానికంతా కలిపి ఒకే ఒక మంచి మైక్రోస్కోపు ఇచ్చారు. పెట్టింది మా కాలేజీలో, కానీ అది మా ఒక్కరిది కాదు. పొద్దున మాది, మధ్యాహ్నం నుంచి ఆస్పత్రిది. బాల్కొండ, మెండోర దిక్కు నుంచి వచ్చే రోగులవి, బోధన్ వైపు చక్కెర మిల్లు డిస్పెన్సరీ పంపేవి, అన్ని స్లైడ్లూ ఆస్పత్రి మనిషి సంచిలో వేసుకుని మా గదికే వచ్చేవాడు. ఎందుకంటే నూనె లెన్సు ఉన్నది దానికే. స్లైడు మీద ఒక చుక్క నూనె వేసి, లెన్సు మొన అందులో ఆనించి చూడాలి. తెమడలో టీబీ క్రిములు అందులోనే కనబడతాయి. నీలం రంగు మీద సన్నని ఎర్ర గీతలు, అంతే. గీతలు ఉన్నాయంటే సూదులు, మందులు మొదలవుతాయి. లేవంటే మనిషి ఇంటికి పోతాడు.

ఆ గదిలో మేమే పెట్టుకున్న పద్ధతి ఒకటుండేది. వంతు మారేటప్పుడు తాళం చెవి ఊరికే ఇచ్చేవాళ్ళం కాదు. చెక్క పెట్టెలో ఒక స్లైడు ఉండేది, టీబీ ఉందని ముందే తేలినది. దాన్ని గవాయి అనేవాళ్ళం, అంటే సాక్షి. ఇచ్చేవాడు ముందు దాన్ని చూడాలి, పుచ్చుకునేవాడు తర్వాత చూడాలి. “కనబడ్డయా?” అని ఒకరు అడగాలి, “కనబడ్డయి” అని రెండోవాడు చెప్పాలి. అప్పుడే చెవి చేయి మారేది. సంతకాలు లేవు. ఆ మాట మీదే గది నడిచేది.

ఆస్పత్రి నుంచి వచ్చే మనిషి గంగారాం, అక్కడి ల్యాబ్ టెక్నీషియన్. నాకంటే బాగా పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. గడప దాటుతూనే “మా ప్రొఫెసర్ సాబ్ ఉన్నడా?” అని అరిచేవాడు, నా టెంపరరీ ఉద్యోగాన్ని వెక్కిరిస్తూ. స్లైడు చూసేటప్పుడు మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఒక్కొక్క స్లైడును ఎంతసేపు చూసేవాడో! నాకు విసుగొచ్చేది. ఇంకా కాలేదా అన్నా అంటే, చెయ్యెత్తి ఆగమనేవాడు.

ఆయన భార్య నర్సవ్వ బీడీలు చుట్టేది. వాళ్ళిల్లు కాలేజీకి దగ్గర. అద్దె గదిలో ఉండి హోటల్ తిండి తినేవాణ్ణి కాబట్టి వారానికి రెండుమూడు సార్లు ఆమె చేతి అన్నం దొరికేది. నిండుగా, ఎర్రగా ఉండే మనిషి. ఒడిలో చాట పెట్టుకుని, చేతులు బీడీలు చుడుతూనే, నోరు నన్ను ఆట పట్టించేది. “ఏంది మరిదీ, గిట్ల ఎండిపోయినవ్? మీ కాలేజీల పురుగులనే సూస్తరా, బువ్వ తినరా?” ఆమె నవ్వితే పక్కింటివాళ్ళకు వినబడేది. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి. నేను చేసిన పాడుపనిలో దానికీ పాత్ర ఉంది.

చెరకు ఆడే రోజులు అవి. చక్కెర మిల్లు నుంచి ఒక కెమిస్టు నాకు పరిచయమయ్యాడు. దేశ్‌పాండే అందాం. మిల్లు ల్యాబులో పర్మనెంటు ఉద్యోగం పడుతుందని, తన మాట చెల్లుతుందని ఆశ పెట్టాడు. నిజంగా పెట్టాడో, నేనే పెట్టుకున్నానో ఇప్పుడు చెప్పలేను. పాకంలో చక్కెర పలుకు ఎట్లా కడుతుందో మంచి మైక్రోస్కోపులో చూడాలని ఆయన కోరిక. మా హెడ్డు అంతకు ముందే మిల్లు వాళ్ళకు కాదన్నాడు. ఇది పాఠాలకు, రోగులకు మాత్రమే, ఈ గదిలోకి పాకం రాకూడదు అన్నాడు. ఆ మాట నేను పక్కనే నిలబడి విన్నాను.

ఒకరోజు హెడ్డు ఊళ్ళో లేడు. పొద్దున దేశ్‌పాండే చిన్న సీసాలో వెచ్చని పాకం తెచ్చాడు. చిన్న లెన్సులో చూపించాను. పలుకులు అంచులు తేలి మెరిశాయి. ఆయన చిన్న పిల్లవాడిలా సంబరపడ్డాడు. అక్కడితో ఆపితే ఏమీ అయ్యేది కాదు. చిన్న లెన్సే చాలు ఆ పనికి. కానీ నాకు గొప్ప చూపించుకోవాలనిపించింది. ఇంకా పెద్దగా చూపిస్తానని నూనె లెన్సు తిప్పాను. అది పాకంలో మునిగింది. ఇద్దరం నవ్వాం. ఆయన బస్సుకు పోయాడు. గంట కొట్టారని నేను క్లాసుకు పోయాను. తుడవకుండా.

తిరిగి వచ్చేసరికి పాకం ఎండి లెన్సు మొనకు రాయిలా పట్టుకుంది. గంగారామన్న వచ్చే వేళయింది. నేను చెరకు పండే ఊళ్ళో పుట్టినవాణ్ణి. మా ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు, ఎండిన పాకాన్ని తడిబట్టతో మెల్లగా నానబెట్టి తీయాలని. నాకు తెలియదా? తెలుసు. కానీ నీళ్ళు లెన్సులోకి పోతాయేమోనని భయం, పైగా తొందర. ల్యాబులో అన్నింటికీ వాడే స్పిరిట్ చేతికి దొరికింది. స్పిరిట్‌కు చక్కెర కరగదు. పలుకులుగా విడిపోయింది. ఆ పలుకుల మీదనే జేబురుమాలుతో రుద్దాను. సన్నగా గరగరమని చప్పుడైంది. వినబడింది. అయినా రుద్దాను. స్పిరిట్ అంచుల్లోంచి లోపలికి పోయి, అద్దాన్ని పట్టి ఉంచే జిగురును కూడా తినేసింది.

గవాయి పెట్టి చూశాను. తెల్లటి పొగ. నీలం ఎక్కడో బురదలా ఉంది. ఎరుపు అసలే లేదు.

అప్పుడే గడప దగ్గర “ప్రొఫెసర్ సాబ్ ఉన్నడా?” అని వినబడింది.

ఆ తర్వాత మేము మాట్లాడుకున్నది అక్షరం మరవలేదు. ఆయన సంచి దించి, కూర్చుని, కన్ను ఆనించాడు. చాలాసేపు చూశాడు.

“తమ్మీ, గిదేంది? పొగ కమ్మినట్టున్నది. గవాయిల ఏం కనబడ్తలేదు.”

“నాకు మంచిగనే కనబడ్తున్నయ్ అన్నా.”

“ఏదీ, మళ్ళ సూడు.”

చూశాను. ఆ స్లైడు నాకు కంఠతా వచ్చు. ఏ గీత ఎక్కడుంటుందో రోజూ చూసేవాణ్ణే. “గిదో, నడుమల మూడున్నయ్. పక్కకు ఒకటి అడ్డం పడ్డది,” అన్నాను.

మళ్ళీ కూర్చున్నాడు. మర తిప్పాడు, వెలుతురు మార్చాడు. “నిజంగ కనబడ్తున్నయా నీకు?”

“కనబడ్తున్నయ్. నీ కండ్లు ఒకపారి డాక్టర్‌కు సూపెట్టుకోరాదే?”

ఆయన కళ్ళద్దాలు తీసి అంగీ కొసతో తుడుచుకున్నాడు. నా మొహంలోకి చూశాడు. అప్పుడైనా పట్టేసుకుంటాడనుకున్నాను. ఆయన నవ్వాడు. “ఉమర్ అయితున్నది గావొచ్చు, ముసలోన్నయితున్న. నిన్నటిదాంక మంచిగనే ఉండె.” నేను చాచిన తాళం చెవిని తిరిగి నా వైపే నెట్టాడు. “గీ పూటకు నువ్వే సూడు తమ్మీ. నేను తప్పు సూసి ఎవ్వలి పానమన్న తీస్తే పాపం తాకుతది.”

ఆ చెవి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నాను? లెన్సు పోయింది అన్నా, నేనే పోగొట్టాను అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? ఉద్యోగం పోయేది, అంతే కదా. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆయన ఆస్పత్రి పెద్ద డాక్టరుకు తానే చెప్పేసుకున్నాడు, నాకు చూపు మందగించింది, స్లైడ్లు తమ్ముడు చూస్తాడు అని. డాక్టరు ఒప్పుకుని ఆయనను మందుల గదికి మార్చాడు. ఇక నేను నిజం చెప్పాలంటే లెన్సు సంగతితో పాటు ఆ అబద్ధం సంగతీ చెప్పాలి. ఆయన హైదరాబాద్ పోయి కళ్ళు చూపించుకున్నాడు. అక్కడి డాక్టరు కళ్ళకేమీ కాలేదన్నాడట. గంగారామన్న నమ్మలేదు. నన్ను నమ్మాడు.

అట్లా ఆ స్లైడ్లన్నీ నా దగ్గరికి వచ్చాయి. పొగలో ఏం చూస్తాను? దట్టంగా ఉన్నవి ఎర్రటి మరకలా తోచేవి. మిగతావి తెలిసేవి కావు. అందుకని సిగ్గులేని ఉపాయం ఒకటి పట్టాను. స్లైడును చూడడం మానేసి మనిషిని చూడడం మొదలుపెట్టాను. స్లైడ్లు తెచ్చే వార్డుబాయ్‌ని మాటల్లో పెట్టి, ఈమె ఎట్లుంది, బక్కగైందా, నెత్తురు పడుతుందా అని అడిగేవాణ్ణి. ఎముకల గూడైతే ఉన్నాయనేవాణ్ణి, గట్టిగా ఉంటే లేవనేవాణ్ణి. అక్కడ మందు కోసం ఎదురుచూసేది మనుషులు. నేను ఇక్కడ వాళ్ళను రూపం చూసి ఏరుతున్నాను. ఎంతమందిని తప్పు ఏరానో నాకు తెలియదు. వాళ్ళ ఊర్లు తెలియవు. మొహాలు అసలే తెలియవు. బాల్కొండ బస్సు ఎదురైతే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఒక మొహం మాత్రం తెలుసు.

నర్సవ్వ వదినెకు దగ్గు పట్టుకుంది. బీడీలు చుట్టేవాళ్ళకు దగ్గు ఎవరికి ఉండదు? తంబాకు దుమ్ము అనుకున్నారు. తగ్గకపోతే గంగారామన్నే తెమడ తీసి, స్లైడు చేసి, రంగు వేసి తెచ్చాడు. అంత శుభ్రంగా చేసిన స్లైడు నేను మళ్ళీ చూడలేదు. వార్డుబాయ్‌తో పంపలేదు, తనే తెచ్చాడు. తను చూడలేదు. తన కళ్ళ మీద నమ్మకం లేక నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కన్ను ఆనించాను. పొగ. ఆ పొగలో ఎక్కడో కొంచెం ఎర్రదనం ఉన్నట్టు తోచింది. ఉందా? నా ఊహా? ఆ మనిషిని తలుచుకున్నాను. నిండుగా, ఎర్రగా, పక్కింటికి వినబడేలా నవ్వే మనిషి. ఆమెకు టీబీ ఏమిటి? “ఏం లేదన్నా, సాఫ్ ఉన్నది,” అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. దేవుడికో, నాకో తెలియదు. ఆ సాయంత్రం వదినె నాకు జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. తిన్నాను.

డాక్టరు దగ్గు మందు రాసిచ్చాడు. తెమడలో లేదని కాగితం మీద ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆమె దగ్గుతూనే చాట ముందు కూర్చుంది. నవ్వబోతే దగ్గు వచ్చేది, అందుకని నవ్వడం మానేసింది. మొహంలో ఎరుపు పోయింది, ఒంటి మీద చీర వదులైంది. చూస్తూనే ఉన్నాను. ఇంకోసారి తెమడ చూద్దాం అన్నా అని ఒక్క మాట అనలేదు. చూసేది ఆ పొగలోనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చూశారా, నా నేరమే నాకు సాకయింది. ఎండలు ముదిరాక జ్వరం, ఆయాసం వచ్చి, కొన్నాళ్ళకే ఇంట్లోనే ప్రాణం పోయింది. తంబాకు దుమ్ము తీసుకుపోయింది అన్నారందరూ. పాడెకు నేనూ భుజం పట్టాను.

వేసవి సెలవుల తర్వాత విశ్వవిద్యాలయం నుంచి ఒకాయన యంత్రాలు చూడడానికి వచ్చాడు. నూనె లెన్సు చూసి, పాతబడితే ఇట్లా పొగబారుతాయి, పాపం ఎట్లా పనిచేశారో అన్నాడు. కొత్త లెన్సు బిగించి పోయాడు. ఎవరూ నన్నేమీ అడగలేదు. అడుగుతారని ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను. ఒక్కటీ ఖర్చు కాలేదు. మిల్లులో ఉద్యోగం కూడా రాలేదు, దేశ్‌పాండే ఎటో బదిలీ అయిపోయాడు.

వదినె స్లైడు నేను పారేయలేదు. కొత్త లెన్సు వచ్చిన రోజు తలుపు మూసి దాన్ని చూశాను. వెతకాల్సిన పని కూడా లేదు. ఎక్కడ చూసినా ఎర్ర గీతలే. కుప్పలుగా ఉన్నాయి. ఆమెకు అప్పుడు మందులు మొదలుపెట్టి ఉంటే బతికేదా? తప్పక బతికేదని ఎవరూ చెప్పలేరు. చాలామంది బతికారు. ఆమెకు ఆ అవకాశం లేకుండా చేసింది నేను.

తర్వాత ఏడాదికి వాళ్ళ బిడ్డ సరోజకు దగ్గు మొదలైంది. పెద్ద క్లాసులకు వచ్చిన పిల్ల. తల్లి పక్కలోనే పడుకునేది. ఈసారి నేను చూశాను, నిజంగా చూశాను, గీతలు దొరికాయి. మందులు పడ్డాయి, పిల్ల బతికింది. డాక్టరు అడిగాడు, తల్లికి ఉండేదా అని. నేను అక్కడే ఉన్నాను. గంగారామన్న గట్టిగా తల ఊపి, “లేకుండె సార్. మా తమ్ముడే సూసిండు. ఆమెది సాఫ్ ఉండె,” అన్నాడు. బయటికి వచ్చాక నా చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు, బిడ్డను దక్కించానని. ఆ చేతులు వెనక్కి తీసుకోలేకపోయాను. అంతకంటే నీచంగా నేనెప్పుడూ లేను.

ఎందుకు చెప్పలేదు? చాలా ఏళ్ళు నాకు నేను ఒక మంచి కారణం చెప్పుకున్నాను. చెబితే ఆయన తట్టుకోలేడు, భార్య బతికేదని తెలిస్తే ఇంకోసారి చచ్చిపోతాడు, దాచడమే దయ అని. అది దయ కాదు. భయం. ఆయన మొహంలో నా మీద ఉన్న ఆ నమ్మకం పోతుంటే చూడలేననే భయం.

మొన్న బస్టాండులో కనబడ్డాడు. పని మానేసి బోధన్‌లో సరోజ దగ్గర ఉంటున్నాడు. ముసలివాడయ్యాడు. నన్ను గొంతు విని కాదు, దూరం నుంచే చూసి గుర్తుపట్టాడు. అంత దూరం నుంచి. పక్కన నిలబడి, ఎదురుగా ఉన్న బస్సు చూపించి, “తమ్మీ, ఆ బోర్డు మీద ఏమున్నది సదువు. నాకు సూపు లేదు గదా,” అన్నాడు. చెయ్యంత అక్షరాలు. ఆయనకు కనబడుతున్నాయి, నాకు తెలుసు. కానీ ఆయన కళ్ళు చెప్పింది ఆయన నమ్మడు. “బోధన్” అని చదివాను. బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

మర్నాడు వదినె స్లైడు జేబులో వేసుకుని కాలేజీకి పోయాను. ఇన్నేళ్ళూ ట్రంకు పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉంది. ముందు ఇప్పటి గవాయి పెట్టి చూశాను. ఎర్ర గీతలు స్పష్టంగా ఉన్నాయి. లెన్సు బాగుంది. తర్వాత వదినెది పెట్టాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపాను. గంగారామన్న ఎంతసేపు చూసేవాడో అంతసేపు చూశాను.

ఒక్క గీత లేదు. రంగు వెలిసిపోయింది. ఏళ్ళు గడిస్తే ఆ ఎరుపు పోతుందని నేనే పిల్లలకు పాఠం చెప్తాను, అయినా నాకు తట్టలేదు. ఇప్పుడు ఎవరిని పిలిచి చూపించినా నేను ఆనాడు చెప్పిందే చెప్తారు, ఏమీ లేదని. దొరకకుండా తప్పించుకున్నవాడికి సంతోషం కలగాలి. నేను స్లైడును మళ్ళీ మొదటి కొస నుంచి వెతికాను. ఆమె రోగం ఇక ఎక్కడా లేదు, నా కుడి కంట్లో తప్ప. నేను పోతే, నర్సవ్వ తంబాకు దుమ్ముతోనే చచ్చిపోయినట్టు అయిపోతుంది. గంగారామన్న కళ్ళు చెడిపోయినట్టే ఉండిపోతాయి.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన ఆమె లేదు, అడగాల్సిన ఆయన దగ్గరికి పోయే కాళ్ళు నాకు లేవు. ఇది రాసినందువల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాదు. ఒక్క మాట అబద్ధం లేకుండా పలకాలని మాత్రం ఉంది. ఆనాడు గవాయి ముందు గంగారామన్నకు బాకీపడ్డ మాట అది, నర్సవ్వ వదినె స్లైడు ముందు మింగేసిన మాట. మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను.

ఆమె స్లైడులో ఉన్నాయి. ఎర్రగా, కుప్పలుగా ఉన్నాయి. నేను చూశాను.

కనబడ్డయి.